108 తీసుకెళ్తుంది.. మరి ఇంటికి దింపేదెవరు? భద్రాచలం ఏజెన్సీలో పేషెంట్ల రవాణాకు రూల్స్ ఏంటి?

ఖమ్మం, భద్రాచలం: 2022 నవంబర్. ఖమ్మం జిల్లా ఏన్కూరు మండలంలోని ఓ ఆదివాసీ గూడెం నుంచి మూడేళ్ల పాపను ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొచ్చారు. పాప బతకలేదు. మృతదేహాన్ని ఊరికి తీసుకెళ్లేందుకు ఆసుపత్రి నుంచి వాహనం దొరకలేదని, ప్రైవేటు వాహనానికి కిరాయి ఇచ్చేంత డబ్బు తన దగ్గర లేదని ఆ తండ్రి చెప్పినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. చివరికి బిడ్డను బైక్‌పైనే ఇంటికి తీసుకెళ్లాడు. ఆ ఫొటోలు, వీడియోలు రాష్ట్రమంతా చూసింది.

ఆ రోజు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "అంబులెన్స్ ఎందుకు ఇవ్వలేదు?"

నిజానికి అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు అలాంటి ప్రయాణం ఎవరి బాధ్యత? ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక వ్యవస్థ ఉంది. ఆ తర్వాత ఇంటికి చేర్చడానికి, వారం వారం చికిత్సకు తిప్పడానికి, చనిపోతే సొంతూరికి పంపడానికి అంతే గట్టి వ్యవస్థ ఉందా? ప్రైవేటు వ్యాన్ల కిరాయికి లెక్కా పత్రం ఉందా? ఉంటే ఎవరు చూడాలి? పంచాయతీయా, కలెక్టరా, ఆర్టీఏనా, ఆసుపత్రా?

ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎమర్జెన్సీ కాని ప్రయాణం అంటే?

యాక్సిడెంట్, గుండెపోటు, పాముకాటు, పురిటి నొప్పులు.. ఇవి ఎమర్జెన్సీ. నిమిషాల లెక్క. ఇంకో రకం ప్రయాణాలున్నాయి. అక్కడ నిమిషాల తొందర ఉండదు. కానీ పేషెంట్ మామూలు బస్సు ఎక్కలేడు, ఆటోలో కూర్చోలేడు.

పక్షవాతం వచ్చి మంచం పట్టిన పెద్దాయన్ను చెకప్‌కు తీసుకెళ్లాలి. తొంటి ఎముక ఆపరేషన్ అయిన అవ్వను డిశ్చార్జి చేసి ఇంటికి పంపాలి. కిడ్నీ పేషెంట్‌ను డయాలసిస్‌కు తిప్పాలి. క్యాన్సర్ పేషెంట్‌ను కీమోకు హైదరాబాద్ తీసుకెళ్లి తేవాలి. చనిపోయిన మనిషిని సొంతూరు చేర్చాలి.

డయాలసిస్ లెక్కే తీసుకోండి. సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటల వరకు చేయించుకోవాలి. ఊరు భద్రాచలానికి 60 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రాను పోను 120. వారానికి మూడు సార్లంటే 360 కిలోమీటర్లు. నెలకు దాదాపు 1,500. డయాలసిస్ ఉచితంగా దొరికినా ఈ తిరుగుడు ఖర్చు ఉచితం కాదు. చాలా ఇళ్లలో అప్పు పుట్టేది మందుల దగ్గర కాదు, కిరాయి దగ్గర.

ఇప్పుడున్న ప్రభుత్వ వాహనాలు ఎవరి కోసం?

108: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. పని ఒక్కటే, ఎమర్జెన్సీలో ఉన్న మనిషిని ఆసుపత్రికి చేర్చడం. డిశ్చార్జి అయ్యాక ఇంటి దగ్గర దింపదు. మృతదేహాలను తీసుకెళ్లదు. ఇది సిబ్బంది మొండితనం కాదు. ఆ వాహనం ఒక శవంతోనో, డిశ్చార్జి అయిన పేషెంట్‌తోనో 100 కిలోమీటర్లు వెళ్తే, అదే సమయంలో పాము కరిచిన మరో మనిషికి బండి ఉండదు.

102: తెలంగాణలో 'అమ్మ ఒడి' పేరుతో తెలిసిన సేవ. గర్భిణులను చెకప్‌లకు తీసుకెళ్లడం, తిరిగి ఇంటి దగ్గర దింపడం, ప్రసవం తర్వాత తల్లీబిడ్డలను ఇంటికి చేర్చడం దీని పని. దీని వెనక కేంద్ర పథకం ఉంది. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి ప్రయాణం ఉచితం. జబ్బుపడిన పసిబిడ్డకు కూడా ఇది వర్తిస్తుంది. ఎమర్జెన్సీ కాని ప్రయాణం కూడా వైద్యంలో భాగమేనని ప్రభుత్వం ఒప్పుకున్న చోటు ఇదే. కానీ తల్లీబిడ్డల దాకానే.

పార్థివ వాహనాలు: ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయినవారిని ఉచితంగా ఇంటికి చేర్చేందుకు తెలంగాణలో 2016లో 50 వాహనాలతో మొదలయ్యాయి.

2023 ఆగస్టు 1న రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి 466 కొత్త వాహనాలను రోడ్డెక్కించింది. అందులో 108కి 204, అమ్మ ఒడికి 228, పార్థివ వాహనాలు 34. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. ప్రాణం కాపాడే బండి ఉంది. తల్లీబిడ్డల బండి ఉంది. చనిపోయాక తీసుకెళ్లే బండి తక్కువే అయినా ఉంది. మంచం పట్టి బతికున్న మనిషికి మాత్రం ప్రత్యేకంగా బండి లేదు.

డయాలసిస్ పేషెంట్లకు ఆర్టీసీ ఉచిత బస్ పాస్ ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీలో ప్రయాణం ఉచితం. రెండూ ఉపయోగపడేవే. అయితే బస్సు ఎక్కగలిగే ఓపిక ఉండాలి, ఊరికి బస్సు రావాలి. ఏజెన్సీలో చాలా గూడేలకు రెండోదే లేదు.

భద్రాచలం దగ్గర చిక్కు ఎందుకు ఎక్కువ?

మ్యాప్ చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. 2014లో రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం మండలంలో టౌన్ తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రలో కలిశాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఇప్పటికీ అందుకే వార్తల్లో ఉంటాయి. భద్రాచలం నుంచి తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలన్నా మధ్యలో ఆంధ్ర గడ్డ దాటాలి.

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఒక్క భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జనమే కాదు. ఆంధ్ర విలీన మండలాల నుంచి వస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి వస్తారు. ఒడిశా మల్కన్‌గిరి వైపు నుంచి కూడా వస్తారు. వీళ్లందరికీ దగ్గరి పెద్దాసుపత్రి ఇదే. ఇక్కడ కుదరకపోతే కొత్తగూడెం, ఖమ్మం, వరంగల్, హైదరాబాద్. భద్రాచలం నుంచి ఖమ్మం దాదాపు 120 కిలోమీటర్లు.

మరి కుంట పేషెంట్ భద్రాచలంలో డిశ్చార్జి అయితే? ఒక రాష్ట్రం ఉచిత వాహనం ఇంకో రాష్ట్రంలోని ఊరిదాకా వెళ్లాలంటే అనుమతి ఎవరివ్వాలి, డీజిల్ ఎవరి లెక్కలో రాయాలి అన్న మాట వస్తుంది. మాట తేలేలోపు ఆసుపత్రి గేటు బయట ప్రైవేటు వ్యాన్ రెడీగా ఉంటుంది.

దీనికి తోడు గోదావరి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. వంతెనపై రాకపోకలు ఆపేశారు. ఇలాంటప్పుడు నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రులకు చేర్చడం ఇక్కడి వైద్య సిబ్బందికి అలవాటైన పని. డయాలసిస్ పేషెంట్‌కు కూడా అదే ముందుచూపు కావాలి. వాగు పొంగిందని కిడ్నీ వారం రోజులు ఆగదు కదా.

ఆటోకు పర్మిట్ కావాలి.. అంబులెన్స్‌కు అక్కర్లేదు!

ఇది చాలామందికి తెలియని విషయం. కిరాయికి తిరిగే ఆటో, ట్యాక్సీ, బస్సు.. దేనికైనా మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్‌కు షరతులు పెట్టొచ్చు. ఫలానా చోట తిరగాలి, ఛార్జీ ఇంత, మీటర్ ఉండాలి, రేట్ల పట్టిక కనిపించాలి. షరతు తప్పితే పర్మిట్ సస్పెండ్ చేయొచ్చు. అధికారుల చేతిలో ఉన్న కొరడా అదే.

అదే చట్టంలోని సెక్షన్ 66(3) కొన్ని వాహనాలకు పర్మిట్ అవసరం లేదంటుంది. ఆ జాబితాలో పోలీసు, ఫైరింజన్లతో పాటు అంబులెన్సులు ఉన్నాయి. మృతదేహాలను తీసుకెళ్లే వాహనాలూ ఉన్నాయి.

ఈ మినహాయింపు మంచి ఉద్దేశంతో ఇచ్చిందే. ప్రాణం పోతుంటే పర్మిట్ ఏ జిల్లాది, ఏ రాష్ట్రానిది అని చెక్‌పోస్టులో ఆపకూడదు. భద్రాచలం లాంటి నాలుగు రాష్ట్రాల కూడలిలో అది మరీ అవసరం. కానీ పర్మిట్‌తో పాటు దానికి అంటుకుని ఉండే రేట్ల అదుపు కూడా పోయింది. రాష్ట్ర ప్రభుత్వం ఛార్జీలు నిర్ణయించే సెక్షన్ 67 కూడా ప్రధానంగా బస్సులు, ట్యాక్సీల్లాంటి కాంట్రాక్ట్ క్యారేజీలు, గూడ్స్ వాహనాల గురించే మాట్లాడుతుంది.

ఇంకో పోలిక చూడండి. అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే సెక్షన్ 194ఈ కింద రూ.10 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. అంబులెన్స్ వాళ్లు ఇష్టమొచ్చినంత కిరాయి అడిగితే ఎంత జరిమానా? మోటారు వాహనాల చట్టంలో దానికి సూటిగా సమాధానం లేదు.

పర్మిట్ అక్కర్లేదంటే ఏ రూలూ లేదని కాదు. రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్ తప్పనిసరి. ఆర్టీఏ వీటిని ఎప్పుడైనా తనిఖీ చేయొచ్చు.

అన్ని అంబులెన్సులూ ఒకటి కావు

అంబులెన్స్ ఎలా ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణం ఒకటుంది. పేరు ఏఐఎస్-125. దాని ప్రకారం రోడ్డు అంబులెన్సులు నాలుగు రకాలు.

టైప్ ఏ: ముందుగా చేరుకుని ప్రథమ చికిత్స చేసే వాహనం. బైక్ అంబులెన్స్ ఈ కోవలోకి వస్తుంది.
టైప్ బీ: పేషెంట్ ట్రాన్స్‌పోర్ట్ వాహనం. ఎమర్జెన్సీ వచ్చే అవకాశం లేని పేషెంట్లను తిప్పడానికి.
టైప్ సీ: బేసిక్ లైఫ్ సపోర్ట్.
టైప్ డీ: అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. వెంటిలేటర్ లాంటి పరికరాలు ఉంటాయి.

అంటే ఎమర్జెన్సీ కాని ప్రయాణానికి పుస్తకంలో ప్రత్యేకంగా ఒక బండే ఉంది, అదే టైప్ బీ. డిశ్చార్జి అయిన అవ్వకు, పక్షవాతం పెద్దాయనకు కావాల్సింది ఇదే. స్ట్రెచర్, సీట్లు, ఆక్సిజన్ ఉంటే చాలు. వెంటిలేటర్ అక్కర్లేదు.

గేటు దగ్గర జరిగేది వేరు. వచ్చిన వ్యాన్ ఏ రకమో పేషెంట్ బంధువులకు తెలియదు. తెలుగులో రాసి ఉండదు. సైరన్ ఉంటే అంబులెన్సే అనుకుంటారు. టైప్ బీ సరిపోయే చోట ఐసీయూ బండి కిరాయి కట్టే ప్రమాదం ఉంది. అంతకంటే పెద్ద ప్రమాదం రెండోది. ఐసీయూ బండి కావాల్సిన పేషెంట్‌ను ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ ఉన్న మామూలు వ్యాన్‌లో ఎక్కించడం.

మరి రేట్లు ఖరారు చేయొచ్చా?

చేయొచ్చు. చేసిన ఉదాహరణలు ఉన్నాయి.

కరోనా సమయంలో అంబులెన్సుల దోపిడీపై సుప్రీంకోర్టుకు పిటిషన్ వెళ్లింది. 2020 సెప్టెంబర్ 11న కోర్టు స్పష్టంగా చెప్పింది: కరోనా పేషెంట్ల అంబులెన్సులకు రాష్ట్రాలు సమంజసమైన ఛార్జీలు ఖరారు చేయాలి. చాలా రాష్ట్రాలు ఆ పని చేశాయి. కరోనా తగ్గాక ఆ ఉత్తర్వుల ఊపూ తగ్గింది.

కేరళ మాత్రం 2024 సెప్టెంబర్‌లో మామూలు రోజులకు కూడా రేట్లు ప్రకటించింది. వాహనం స్థాయిని బట్టి కనీస ఛార్జీ రూ.600 నుంచి రూ.2,500 వరకు. ఆ తర్వాత కిలోమీటరుకు రూ.20 నుంచి రూ.50. వెయిటింగ్ ఛార్జీ వేరుగా చెప్పింది. ముఖ్యమైన సంగతేంటంటే, ఏ బండికి ఎంత అనేది పేషెంట్ ముందే తెలుసుకోగలడు.

మనకు దగ్గరి ఉదాహరణ తిరుపతి. 2022 ఏప్రిల్‌లో రుయా ఆసుపత్రిలో చనిపోయిన కొడుకును ఓ తండ్రి దాదాపు 90 కిలోమీటర్లు బైక్‌పై తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆసుపత్రి దగ్గరి అంబులెన్స్ డ్రైవర్లు వేలల్లో అడిగారని, బయటి నుంచి పిలిపించిన వాహనాన్ని రానివ్వలేదని ఆరోపణలు వచ్చాయి. పోలీసులు కేసు పెట్టారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వాసుపత్రుల దగ్గర ప్రీపెయిడ్ అంబులెన్స్ విధానం తెస్తామని ప్రకటించింది.

తిరుపతి ఘటన నేర్పిన పాఠం ఒకటుంది. సమస్య రేటు ఒక్కటే కాదు. గేటు ఎవరి చేతిలో ఉందనేది కూడా సమస్యే. రేట్ల బోర్డు పెట్టినా, బయటి బండిని లోపలికి రానివ్వకపోతే ఆ బోర్డుకు విలువ ఉండదు.

ఒడిశాలో 2016 ఆగస్టులో కలహండి జిల్లాకు చెందిన ఓ ఆదివాసీ భార్య మృతదేహాన్ని భుజాన వేసుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచాడు. ఆ దృశ్యం దేశాన్ని కుదిపేసింది. ఆ నెలలోనే అక్కడి ప్రభుత్వం 'మహాప్రయాణ' పేరుతో ఉచిత పార్థివ వాహనాలు మొదలుపెట్టింది. ఒడిశా, తిరుపతి, ఖమ్మం.. మూడు చోట్లా ముందు ఫొటో బయటికొచ్చింది, రూల్ గురించిన మాట ఆ తర్వాతే వచ్చింది.

అదుపు చేయడం వేరు, ఆపేయడం వేరు

2021 మేలో ఇంకో రకం నియంత్రణ చూశాం. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే కరోనా పేషెంట్లకు ఇక్కడి ఆసుపత్రిలో ముందే బెడ్ ఖరారై, అనుమతి ఉండాలని తెలంగాణ ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది. ఆంధ్ర సరిహద్దులో అంబులెన్సులు నిలిచిపోయాయి. మే 14న హైకోర్టు ఆ సర్క్యులర్‌పై స్టే ఇచ్చింది.

భద్రాచలం సరిహద్దుకు ఇది చాలా ముఖ్యం. పేషెంట్ ఏ రాష్ట్రం వాడని గేటు దగ్గర అడ్డుకోవడం కోర్టు ముందు నిలబడలేదు. న్యాయమైన ధర పెట్టమని మాత్రం కోర్టే చెప్పింది. కాబట్టి ఇక్కడ రూల్ చేసేవాళ్లు గీత ఎక్కడ గీయాలో తెలుసుకోవాలి. బండి కదలికను ఆపకూడదు. బండి కిరాయిని, నాణ్యతను అదుపు చేయాలి.

డ్రైవర్ల మాట కూడా వినాలి

ప్రైవేటు వ్యాన్ నడిపేవాళ్లందరూ దోపిడీదారులు కాదు. వాళ్ల లెక్క వాళ్లకుంది. పేషెంట్‌ను దింపి వచ్చేటప్పుడు బండి ఖాళీగానే వస్తుంది. అందుకే రాను పోను కిరాయి అడుగుతారు. అడవి దారిలో టైర్లు పోతాయి. రాత్రిపూట వాగు దాటాలి. ఆసుపత్రి దగ్గర గంటలకొద్దీ ఆగాలి. కొన్నిసార్లు ఊరు చేరాక పేషెంట్ వాళ్ల దగ్గర సగం డబ్బులే ఉంటాయి.

వీటిని పట్టించుకోకుండా హైదరాబాద్ రోడ్ల లెక్కలో కిలోమీటర్ రేటు పెడితే ఏమవుతుంది? చర్ల అడవి లోపలికి రమ్మంటే ఏ బండీ రాదు. చౌక రేటు బోర్డు మీద ఉంటుంది, పేషెంట్ మంచం మీద ఉంటాడు. అందుకే తారు రోడ్డుకు ఒక రేటు, మట్టి దారికి ఒక రేటు, వెయిటింగ్‌కు ఒక రేటు.. ఇలా విడివిడిగా, బహిరంగంగా ఉండాలి. పేదవాడు కట్టలేని తేడాను ప్రభుత్వం భరించాలి. 102లో గర్భిణి విషయంలో చేస్తున్నది అదే కదా.

రోడ్డు ఆగిన చోట

ఎన్ని రూల్స్ పెట్టినా బండి ఊరిదాకా రాకపోతే లాభం లేదు. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో మంచానికి తాళ్లు కట్టి, డోలీ చేసి రోడ్డుదాకా మోసుకొచ్చే దృశ్యాలు ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. రోడ్డు ఎందుకు వేయలేదంటే వచ్చే మొదటి జవాబు 'ఫారెస్ట్ పర్మిషన్'.

దానికీ చట్టంలో దారి ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(2) ప్రకారం రోడ్డు, దవాఖానా, బడి, అంగన్‌వాడీ, తాగునీటి లైన్ లాంటి 13 రకాల ప్రజా అవసరాలకు అటవీ భూమి తీసుకోవచ్చు. షరతులు: ఒక్కో పనికి భూమి ఒక హెక్టారులోపు ఉండాలి. హెక్టారుకు 75కు మించి చెట్లు కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గ్రామసభ సిఫారసు ఉండాలి.

గ్రామసభ అంటే ఊరి జనమే. అంటే రోడ్డు ఫైల్ మొదలవ్వాల్సింది హైదరాబాద్‌లో కాదు, గూడెంలో. అయితే అభయారణ్యాల్లో అదనపు అనుమతులు ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవిలో స్థిరపడిన ఆదివాసీల ఆవాసాలకు చిక్కు ఇంకా పెద్దది. ఆ ఆవాసాలకు హక్కుల గుర్తింపే తేలని చోట రోడ్డు ఫైల్ ముందుకు కదలడం కష్టం.

రోడ్డు వచ్చేదాకా ఏం చేయాలి? ఆంధ్ర ఏజెన్సీలో రెండు పద్ధతులు చూశారు. ఒకటి, దారి లేని ఊళ్ల నుంచి పెద్ద అంబులెన్స్ దాకా తీసుకొచ్చే బైక్ ఫీడర్ అంబులెన్సులు. రెండు, సాలూరు, గుమ్మలక్ష్మీపురం లాంటి చోట్ల ఐటీడీఏ నడిపిన గర్భిణుల వసతి గృహాలు. ప్రసవానికి ముందే వచ్చి అక్కడ ఉంటే అర్ధరాత్రి డోలీ అవసరం రాదు. ఇదే ఆలోచన డయాలసిస్ పేషెంట్లకూ పనికొస్తుంది. వానాకాలం నాలుగు నెలలు ఆసుపత్రికి దగ్గర్లో ఉండే చోటు దొరికితే సగం తిరుగుడు తగ్గుతుంది.

స్థానికంగా ఎవరి చేతిలో ఏముంది?

గ్రామ పంచాయతీ, గ్రామసభ: రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల్లో రోడ్లు, వంతెనలు, ఆరోగ్యం, ఆసుపత్రులు ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం ఇంకో అడుగు ముందుకెళ్లి, సామాజిక రంగాల్లోని సంస్థలు, సిబ్బందిపై పర్యవేక్షణను స్థానిక సంస్థలకు, గ్రామసభకు ఇవ్వమంటుంది. అంబులెన్స్ రేటు పెట్టే అధికారం పంచాయతీకి లేదు. కానీ ఊళ్లో డయాలసిస్ పేషెంట్లు ఎందరు, మంచం పట్టినవాళ్లు ఎందరు, నెలలు నిండినవాళ్లు ఎందరు అన్న జాబితా తీర్మానంగా రాసి పంపొచ్చు. 2025 డిసెంబర్‌లో ఎన్నికైన కొత్త సర్పంచులకు ఇది ఖర్చు లేని మొదటి పని.

ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ: గేటు లోపల ఏ బండి ఆగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆసుపత్రి యాజమాన్యం చేతిలో ఉంది. వాహనాల రిజిస్టర్, తెలుగులో రేట్ల బోర్డు, రసీదు, 'పేషెంట్‌కు నచ్చిన బండి పిలుచుకోవచ్చు' అన్న ఒక్క లైన్. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు.

కలెక్టర్, ఆర్టీఏ, వైద్యారోగ్య శాఖ: ఆపరేటర్లతో కూర్చుని జిల్లాకు సరిపోయే రేట్లు ఒప్పించొచ్చు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తనిఖీ చేయొచ్చు. బండి మీద టైప్ బీ, సీ, డీ అని పెద్ద అక్షరాలతో రాయించొచ్చు.

ఐటీడీఏ: భద్రాచలం ఐటీడీఏ పరిధిలో రోడ్డు లేని ఆవాసాలకు బైక్ అంబులెన్స్, డిశ్చార్జి వాహనం లాంటివి ప్రత్యేక నిధులతో ఆలోచించాల్సింది ఇదే సంస్థ.

రాష్ట్ర ప్రభుత్వం: కేరళలా ఒక్క ఉత్తర్వు ఇస్తే కింది వాళ్లందరికీ బలం వస్తుంది. ఆంధ్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మధ్య సరిహద్దు పేషెంట్ల తిరుగు ప్రయాణంపై ఒప్పందం కూడా పై స్థాయిలోనే కుదరాలి.

ఇప్పటికిప్పుడు మీరేం చేయొచ్చు?

ఇంట్లో పేషెంట్ ఉంటే ఈ విషయాలు గుర్తుపెట్టుకోండి.

1. గర్భిణి, బాలింత, పసిబిడ్డ అయితే 102కి ఫోన్ చేయండి. ఇంటికి దింపడం కూడా ఆ సేవలో భాగమే.

2. సరిహద్దు ఊళ్ల నుంచి 108కి చేస్తే ముందుగా రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు పేర్లు చెప్పండి. సెల్ సిగ్నల్ పక్క రాష్ట్రం టవర్‌ది అయితే కాల్ అటు వెళ్లే అవకాశం ఉంది.

3. ఆరోగ్యశ్రీ కింద చికిత్స జరిగితే డిశ్చార్జికి ముందు ఆరోగ్యమిత్రను కలవండి. ప్యాకేజీలో రవాణా ఖర్చు ఏమేరకు వస్తుందో అడగండి.

4. ప్రభుత్వ ఆసుపత్రిలో మరణం జరిగితే పార్థివ వాహనం కోసం సూపరింటెండెంట్ లేదా డ్యూటీ ఆర్ఎంఓను అడగండి. వీలైతే కాగితం మీద రాసివ్వండి.

5. ప్రైవేటు బండి తప్పకపోతే నాలుగు మాటలు ముందే తేల్చుకోండి. మొత్తం ఎంత? రాను పోను కలిపా? వెయిటింగ్ ఎంత? ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా? బండి నంబర్ ఫొటో తీసుకోండి. డబ్బు ఫోన్‌లో పంపితే ఆధారం ఉంటుంది.

6. ట్రాక్టర్ ట్రాలీలో, గూడ్స్ ఆటోలో పేషెంట్‌ను ఎక్కించకండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

7. ఎక్కువ వసూలు చేశారనిపిస్తే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో, భద్రాచలం ఐటీడీఏ గిరిజన దర్బార్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయొచ్చు.

చివరిగా..

ఏన్కూరు పాప విషయంలో 108 వచ్చి ఉండాల్సిందని చాలామంది అన్నారు. 108 రూల్‌లో ఆ ప్రయాణమే లేదు. పార్థివ వాహనం రూల్‌లో ఉంది, కానీ ఆ తండ్రికి అందలేదు. ప్రైవేటు వ్యాన్ గేటు బయటే ఉంటుంది, దానికి రేటు రూల్ లేదు. ఈ మూడింటి మధ్య మిగిలింది బైక్ ఒక్కటే.

పేషెంట్‌ను ఆసుపత్రికి తేవడం ఎంత ముఖ్యమో ఇంటికి చేర్చడం అంతే ముఖ్యమని 102 వాహనం రోజూ నిరూపిస్తోంది. బాలింతను ఇంటి దగ్గర దింపి వచ్చే ఆ బండి వెళ్లే దారిలోనే డయాలసిస్ పేషెంట్ ఇల్లూ ఉంటుంది. ఆ ఇంటి ముందు కూడా ఆగాలని ఎవరో ఒకరు కాగితం మీద రాయాలి. దానికి మరో ఫొటో వైరల్ అయ్యేదాకా ఆగక్కర్లేదు.